బొమ్మరిల్లు కట్టి చూద్దాం



ఈవేళ మన పాఠం బొమ్మరిల్లు గురించి. ఈ మాట చదవగానే మీలో కొందరు నవ్వుకుని ఉంటారు. "కాలేజీకి వెళ్ళేవాళ్ళకు బొమ్మరిల్లు పాఠమేమిటి, అది చిన్నపిల్లల ఆట కదా" అనుకుంటారు. మగపిల్లలైతే "అది ఆడపిల్లల ఆట" అని కూడా అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పాను. స్కేలు అంటే ఏమిటో కొన్ని వేలమందికి నేర్పాను. అయినా స్కేలు అనే మాటలో ఎంత అర్థం ఉందో నాకు పూర్తిగా తెలిసింది రిటైరయ్యాక, తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలి పక్కన కూర్చుని ప్లైవుడ్ ముక్కలు అతికిస్తున్నప్పుడు. ఆ పాఠం మా ఇంట్లో ఒక మనిషికి ఎలా పనికొచ్చిందో చివర్లో చెబుతాను. ముందు ఇల్లు కడదాం.

కిట్ అంటే ఏమిటి?

బొమ్మరిల్లు మనకు కొత్త కాదు. తడి ఇసుకలో పాదం దూర్చి పిచ్చుకగూళ్ళు కట్టని పిల్లలు మన పల్లెల్లో అరుదు. లక్కపిడతలతో వంట చేసి, బొమ్మలకు పెళ్ళిళ్ళు చేసి, సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువులో మెట్లమీద ఊరినే నిలబెట్టే అలవాటు మనకుంది. కొండపల్లి బొమ్మలు చూడండి. తెల్లపొణికి కర్రను చెక్కి, చేతులు, కాళ్ళు, తలపాగా విడివిడిగా చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. భాగాలు వేరుగా తయారై, తర్వాత ఒకటి కావడమనే పద్ధతి ఆ బొమ్మల్లోనే ఉంది.

కిట్‌లో తేడా ఏమిటంటే, భాగాలు చేసేది ఒకరు, కలిపేది మరొకరు. అట్టపెట్టె విప్పితే పల్చటి ప్లైవుడ్ పలకలు కనిపిస్తాయి. గోడలు, నేలలు, పైకప్పు, కిటికీ చట్రాలు, మెట్లు అన్నీ వాటిలో కోతపెట్టి ఉంటాయి, కాని పూర్తిగా విడిపోయి ఉండవు. వెంట ఒక సూచనల పుస్తకం ఉంటుంది. ఒక పలక అంచున నాలుకలా పొడుచుకు వచ్చిన ముక్క మరో పలకలోని గాడిలో దూరాలి. మేకులు అక్కరలేదు. నాలుక, గాడి, జిగురు, ఓపిక ఉంటే చాలు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి 2023 వేసవి సెలవుల్లో మేనకోడలికి అలాంటి కిట్ ఒకటి పంపాడు. పెట్టె మీద 1:12 అని రాసి ఉంది. మా మనవరాలు మొదట అడిగిన ప్రశ్న అదే. "తాతయ్యా, ఈ పన్నెండు ఏమిటి?"

పన్నెండో వంతు

1:12 అంటే నిజమైన ఇంట్లో పన్నెండు అంగుళాలున్నది బొమ్మరింట్లో ఒక్క అంగుళం ఉంటుందని అర్థం. అడుగుకు పన్నెండు అంగుళాలు కాబట్టి లెక్క చాలా తేలిక. ఏడడుగుల తలుపు ఏడంగుళాలు అవుతుంది. అయిదున్నర అడుగుల మనిషి అయిదున్నర అంగుళాల బొమ్మ అవుతాడు. అందుకే అడుగులు, అంగుళాలు వాడిన దేశాల్లో ఈ కొలత ఎక్కువగా నిలిచింది. ఇంకా చిన్నవి కావాలనుకునేవారు 1:24, 1:48 కొలతలు కూడా వాడతారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పొడవు పన్నెండో వంతైతే, వైశాల్యం ఎంత అవుతుంది? పొడవూ వెడల్పూ రెండూ తగ్గుతాయి కాబట్టి 12ను 12తో గుణించాలి. అంటే 144వ వంతు. మరి ఘనపరిమాణం? ఎత్తు కూడా తగ్గుతుంది కాబట్టి 1,728వ వంతు. అదే కర్రతో చేస్తే బరువు కూడా 1,728వ వంతే. సుమారు 86 కిలోల టేకు మంచం బొమ్మరింట్లో 50 గ్రాములు తూగుతుంది. చిటికెన వేలితో నెట్టెయ్యవచ్చు.

ఈ సంగతిని గెలీలియో 1638లో వెలువడిన 'రెండు కొత్త శాస్త్రాలు' గ్రంథంలో చర్చించాడు. జంతువును అదే ఆకారంలో ఎన్నో రెట్లు పెంచితే దాని ఎముకలు దాని బరువును మోయలేవన్నాడు. బరువు ఘనంలో పెరుగుతుంది, ఎముక బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి వర్గంలో పెరుగుతుంది. అందుకే ఏనుగు కాలు జింక కాలిలా సన్నగా ఉండదు. మన బొమ్మరింటికి ఇదే సూత్రం తిరగేసి వర్తిస్తుంది. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ నేల వంగకుండా మేజాబల్లలన్నీ మోస్తుంది. అదే పలకను అదే నిష్పత్తిలో పన్నెండు రెట్లు పెంచితే అంత నిశ్చింతగా ఉండలేం.

మరికొన్ని వస్తువులైతే అసలు తగ్గనే తగ్గవు. కుళాయినుంచి జారే నీటిబొట్టు పరిమాణం తలతన్యతను బట్టి ఉంటుంది. బొమ్మరింటి కుళాయి కింద నాలుగైదు మిల్లీమీటర్ల బొట్టు పడితే, ఆ ఇంటి కొలతలో అది నిమ్మకాయంత బొట్టు. గుడ్డ కూడా అంతే. బొమ్మకు చీర కట్టినవాళ్ళకు తెలుసు, కుచ్చిళ్ళు గొడుగులా విచ్చుకుని నిలబడతాయి తప్ప కిందికి జారవు. బొమ్మ చిన్నదైంది కాని నూలు మందం తగ్గలేదు కదా. అందుకే బొమ్మరింటి తెరలకు వాడి వాడి పలచబడిన మెత్తటి పాత చీర చెంగు వెతుక్కోవాలి.

కాని ఒకటి మాత్రం ఏ కొలతలోనైనా మారదు. అది కోణం. నిజమైన ఇంట్లో లంబకోణం 90 డిగ్రీలైతే బొమ్మరింట్లోనూ 90 డిగ్రీలే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పాఠం చివర దీనితో పని ఉంది.

కట్టే పద్ధతి

ఇక పనిలోకి దిగుదాం. నేను చేసిన క్రమంలో కాదు, చేసి ఉండవలసిన క్రమంలో చెబుతాను.

మొదటిది, సూచనల పుస్తకం చివరిదాకా చదవాలి. ఒక పేజీ చదివి ఆ పని చేసి, తర్వాతి పేజీ తిప్పుదామనుకోకండి. పదో పేజీలో మెట్లు పెట్టేందుకు నాలుగో పేజీలోనే చోటు వదలవలసి ఉండవచ్చు.

రెండోది, ముక్కల్ని పలకలనుంచి ఊడదీసే ముందే ప్రతిదాని వెనుక పెన్సిలుతో దాని నంబరు రాయాలి. విడిపోయాక ఎడమ గోడకూ కుడి గోడకూ తేడా కనిపెట్టడం కష్టం. గట్టిగా ఉన్న ముక్కను లాగకూడదు. లాగితే పై పొర చీలుతుంది. కట్టర్‌తో గాటు పెట్టి వదులు చేయాలి. ముక్కలన్నీ తీశాక మిగిలిన పలకను పారేయకండి. చిన్న ముక్క ఏదైనా విరిగితే దాన్నుంచే కత్తిరించుకోవచ్చు.

మూడోది, గరుకు కాగితంతో అంచులు రుద్దాలి. నాలుక మీద ఒక చిన్న పేడు మిగిలినా అది గాడిలో పూర్తిగా దిగదు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. జిగురు లేకుండా ఇల్లంతా ఒకసారి నిలబెట్టి చూడాలి. మాస్కింగ్ టేపుతో మూలలు పట్టి ఉంచితే చాలు. ఇల్లు నిలబడిందా, తలుపు చట్రంలో కూర్చుందా, మెట్లు పై అంతస్తును అందుకున్నాయా అని చూసి, మళ్ళీ అంతా విప్పాలి. కట్టింది విప్పడం వృథా శ్రమ అనిపిస్తుంది. కాదు. తప్పులు దొరికేది అప్పుడే, అవి ఖర్చు లేకుండా దిద్దగలిగేదీ అప్పుడే.

అయిదోది జిగురు. వడ్రంగులు వాడే తెల్ల జిగురు సరిపోతుంది. పల్చగా, సమంగా రాయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ పట్టదు, పక్కలకు కారుతుంది. అతికించాక బట్టల క్లిప్పులతోనో రబ్బరు బ్యాండ్లతోనో అరగంటనుంచి గంటవరకు కదలకుండా పట్టి ఉంచాలి. పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. జిగురులోని నీరు కర్రలోకి ఇంకి, గాలిలోకి ఆవిరై పోతేనే అది గట్టిపడుతుంది. అందుకే వానాకాలంలో, సముద్రతీరపు ఊళ్ళలో ఇంకా ఆలస్యమవుతుంది.

ఆరోది, జిగురు ఆరకముందే మూలమట్టం పెట్టి చూడాలి. మూలమట్టం లేకపోతే గది ఒక మూలనుంచి ఎదురు మూలకు, మళ్ళీ రెండో జత మూలల మధ్య కొలవండి. రెండు కర్ణాలూ సమానమైతే గది చదరంగా ఉన్నట్టు. ఎదురెదురు భుజాలు సమానమైన చతుర్భుజంలో కర్ణాలు కూడా సమానమైతే అది దీర్ఘచతురస్రమని మీరు పదో తరగతిలోపే చదివారు. ఆ సిద్ధాంతం పనికొచ్చే చోటు ఇదే.

ఏడోది రంగు. ప్లైవుడ్‌ను పల్చటి కర్ర పొరలతో, సాధారణంగా బేసి సంఖ్యలో, ఒక పొర నార నిలువుగా, మరో పొర నార అడ్డంగా ఉండేటట్టు అతికిస్తారు. కర్ర తేమకు నారకు అడ్డంగా ఉబ్బుతుంది. పొరలు ఎదురెదురుగా ఉంటే ఒకదాన్ని మరొకటి పట్టి ఉంచుతుంది. కాని పల్చటి పలకకు ఒక వైపే రంగు వేస్తే, ఆ వైపు తడిసి, మరో వైపు పొడిగా ఉండి, పలక అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకే రెండు వైపులా వేయాలి. దీపాలు పెట్టదలిస్తే గోడలకు కాగితం అతికించే ముందే తీగలు లాగాలి. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీలు చాలు. ఇంటి కరెంటు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి.

నేను చేసిన తప్పు

ఇప్పుడు నేను చేసింది చెబుతాను. ముప్ఫై ఏళ్ళు డ్రాయింగ్ చెప్పినవాణ్ణి, నాకు సూచనల పుస్తకం ఎందుకులే అనుకున్నాను. జిగురు లేకుండా నిలబెట్టి చూసే పని మానేశాను. రెండు గోడలు, పై అంతస్తు నేల ఒకే సాయంత్రం అతికించేశాను. చాలా అందంగా కనిపించింది. మర్నాడు మెట్లు పెట్టబోతే పట్టలేదు. మూడు మిల్లీమీటర్లు ఎక్కువయ్యాయి. నాలుక మీద పేడు మిగిలినందువల్ల నేల ఒక వైపు గాడిలోకి పూర్తిగా దిగలేదు. ఆ వైపు నేల కిందికి ఉండిపోయింది.

మూడు మిల్లీమీటర్లే కదా అనకండి. పన్నెండుతో గుణించండి. నిజమైన ఇంట్లో అది 36 మిల్లీమీటర్లు, దాదాపు అంగుళంన్నర. మెట్ల వరసలో ఒక్క మెట్టు అంత తేడాగా ఉంటే మనిషి తూలిపడతాడు.

నేను గరుకు కాగితం తీసి మెట్ల పైభాగాన్ని అరగదీయబోయాను. మా మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

"మెట్లు సరిగానే ఉన్నాయి కదా తాతయ్యా. తప్పు నేలలో ఉంటే మెట్లెందుకు కోస్తావు?"

నా దగ్గర జవాబు లేదు. ఒక తప్పును దాచడానికి సరైన దాన్ని చెడగొట్టబోయాను. మెట్లు కోసి ఉంటే తర్వాత కటకటాలు పట్టవు, వాటికోసం గోడ కొయ్యాలి, ఆ గోడవల్ల కిటికీ వంకరపోతుంది. వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను అతుకుల మీద పెట్టి మెత్తబరిచాం. వేడికీ తేమకూ తెల్ల జిగురు లొంగుతుంది. ఒక చోట ప్లైవుడ్ పై పొర కొంచెం లేచింది. మిగతాదంతా క్షేమంగా ఊడింది. రెండు రోజులు బరువు కింద ఆరబెట్టి, పేడు తీసి, ఈసారి జిగురు లేకుండా నిలబెట్టి చూసి, ఆ తర్వాతే అతికించాం. నాలుగు రోజులు పోయాయి. ఇల్లు నిలబడింది.

ఆటవస్తువు మాత్రమేనా?

బొమ్మరిళ్ళ చరిత్ర చూస్తే అవి మొదట పిల్లలకోసం పుట్టలేదని తెలుస్తుంది. మనకు దాఖలా ఉన్న తొలి ఐరోపా బొమ్మరిల్లు బవేరియా పాలకుడు అయిదో ఆల్బ్రెక్ట్ 1557-58లో చేయించుకున్నది. అది ఆయన సంపదకు నమూనా. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్న గృహిణి 1686, 1710 మధ్య తయారు చేయించిన బొమ్మరిల్లు ఉంది. దానికి ఒక నిజమైన ఇల్లు కొనగలిగినంత ఖర్చు పెట్టిందంటారు. ఆ కాలపు డచ్చి ఇంట్లో వంటగది ఎలా ఉండేదో, బట్టలెక్కడ ఆరేసేవారో చరిత్రకారులు ఈనాడు దానిలో చూసి తెలుసుకుంటున్నారు.

మన దేశానికి సంబంధం ఉన్న ఉదాహరణ మరొకటి. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కు, నిజాం కోసం హైదరాబాద్ హౌస్‌కు రూపకల్పన చేసిన ఎడ్విన్ లుట్యెన్స్ పేరు మీరు విని ఉంటారు. ఆ మహాసౌధం ఢిల్లీలో లేస్తున్న రోజుల్లోనే, 1921 నుంచి 1924 వరకు, ఆయన బ్రిటిష్ రాణి మేరీ కోసం ఒక బొమ్మరిల్లు కూడా రూపొందించాడు. కొలత మన కిట్‌దే, 1:12. అందులో కుళాయిల్లో నీళ్ళు వస్తాయి, దీపాలు వెలుగుతాయి, లిఫ్టులు నడుస్తాయి. గ్రంథాలయంలోని చిన్నచిన్న పుస్తకాలకోసం ఆర్థర్ కానన్ డాయల్ వంటి రచయితలు స్వయంగా రాశారు. 1924లో వెంబ్లీ ప్రదర్శనలో పెట్టిన ఆ ఇల్లు ఇప్పుడు విండ్సర్ కోటలో ఉంది. ఒకే మనిషి చేతికింద ఒకేసారి ఒక దేశపు అతి పెద్ద భవనాల్లో ఒకటీ, ఒక బల్లమీద పట్టే భవనమూ తయారయ్యాయి. రెండింటికీ కావలసిన శ్రద్ధ ఒకటే.

ఇంకొక ఉదాహరణ మీకు వింతగా తోచవచ్చు. అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ (1878-1962) అనే ఆవిడ 1940లలో పోలీసులకు శిక్షణ ఇవ్వడానికి బొమ్మరిళ్ళు తయారు చేసింది. అనుమానాస్పద మరణాలు జరిగిన గదులను 1:12 కొలతలో నిర్మించింది. గోడమీద కేలండరు, పొయ్యిమీద గిన్నె, సగం తెరిచిన కిటికీ ప్రతిదీ ఆలోచించి పెట్టింది. పరిశోధకులు ఆ గది ముందు నిలబడి, తొందరపడి ఎవరినీ అనుమానించకుండా, ఒక పక్కనుంచి రెండో పక్కకు క్రమంగా చూడడం నేర్చుకోవాలి. వాటిలో 18 నమూనాలు బాల్టిమోర్‌లోని వైద్య పరీక్షాధికారి కార్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆడవాళ్ళ ఆట అని పెద్దలు తీసిపారేసిన పనిని ఆవిడ నేరపరిశోధన పాఠంగా మార్చింది. ఇప్పటికీ "అది ఆడపిల్లల ఆట" అనుకునే మగపిల్లలుంటే ఇది గుర్తుంచుకోండి.

మా ఇంటి మూడు మెట్లు

ఇప్పుడు మొదట్లో దాచిన సంగతికి వస్తాను.

ఆ ఏడు ఫిబ్రవరిలో మా ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగింది కాని నడక రాలేదు. చక్రాల కుర్చీ తెచ్చాం. మా ఇంటి అరుగుకు మూడు మెట్లున్నాయి, ఒక్కొక్కటి ఆరంగుళాలు. ఆ మూడు మెట్లవల్ల నాలుగు నెలలు ఆవిడ వీధి ముఖం చూడలేదు. ఇద్దరు మనుషులు కుర్చీ ఎత్తితే దిగవచ్చు. ఆవిడ వద్దంది. "నన్ను బస్తాలా మోయించకండి" అంది. గుమ్మం దాకా వచ్చి, కూరగాయల బండి వెళ్ళిపోయేదాకా చూసి, లోపలికి తిప్పుకునేది.

బొమ్మరిల్లు పూర్తయిన రోజు మా మనవరాలు దాన్ని అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. ఆవిడ కిటికీలన్నీ తెరిచి చూసి, మెట్లమీద వేలు పెట్టి, "ఈ ఇంట్లోకీ నేను వెళ్ళలేనే" అని నవ్వింది. పిల్ల నవ్వలేదు. మర్నాడు అట్టముక్కతో అయిదంగుళాల వాలుదారి చేసి బొమ్మరింటి గుమ్మానికి ఆనించింది. నన్ను పిలిచి, "మన ఇంటికి ఇలా కట్టలేమా తాతయ్యా?" అంది.

మేస్త్రిని పిలిచాను. ఆయన చూసి, మెట్లమీద ఆరడుగుల వాలు పోస్తే సరిపోతుందన్నాడు. నేను సరేనన్నాను. మా మనవరాలు మాత్రం లెక్క వేయమంది.

మీరూ వేయండి. మూడు మెట్ల ఎత్తు 18 అంగుళాలు. ఆరడుగులు అంటే 72 అంగుళాలు. వాలు 1:4. చక్రాల కుర్చీకి వాలు 1:12 కన్నా నిటారుగా ఉండకూడదన్నది మన దేశంలోనూ, చాలా దేశాల్లోనూ పాటించే ప్రమాణం. చూశారా, ఇక్కడా పన్నెండే. బొమ్మరింటి కొలతకూ దీనికీ సంబంధం లేదు, అంకె మాత్రం కలిసింది. మనిషి, కుర్చీ కలిపి 80 కిలోలనుకుందాం. రాపిడి వదిలేస్తే, 1:4 వాలు మీద కుర్చీ కిందికి జారకుండా ఆపడానికి దాదాపు 19 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. 1:12 వాలు మీద ఏడు కిలోలకన్నా తక్కువ చాలు. ఆరడుగుల వాలు కట్టి ఉంటే, చెయ్యి జారిన రోజున కుర్చీ నేరుగా గేటుకు కొట్టుకునేది.

18 అంగుళాల ఎత్తుకు 1:12 వాలు అంటే 18 అడుగుల పొడవు కావాలి. మా ముందు వాకిలి లోతు 15 అడుగులే, వెడల్పు 25 అడుగులు. "అయితే కుదరదు" అన్నాను. ఆ మాట అన్నది డ్రాయింగ్ మాస్టారు!

మా మనవరాలు బొమ్మరింటి ముందు ఒక అట్ట పరిచింది. 15 అంగుళాలు, 25 అంగుళాలు కొలిచి గీత గీసింది. కుడి చివర గేటు గుర్తు పెట్టింది. అట్టతో తొమ్మిదంగుళాల వాలుముక్కలు రెండు, అయిదంగుళాల చదరపు ముక్క ఒకటి చేసింది. అరుగు ఎడమ చివరనుంచి మొదటి వాలు నేరుగా ముందుకు వస్తుంది. మూలలో చదరపు మలుపు. అక్కడ కుర్చీ తిరుగుతుంది. రెండో వాలు ప్రహరీ పక్కగా గేటువైపు దిగుతుంది. తొమ్మిదీ అయిదూ పద్నాలుగు. లోతులో ఇంకో అంగుళం మిగిలింది. వెడల్పులోనూ పద్నాలుగే, గేటుముందు పదకొండు అంగుళాలు ఖాళీ. ఒక్కొక్క వాలు ఎత్తు ముప్పావు అంగుళం, అంటే నిజంగా తొమ్మిదంగుళాలు. తొమ్మిదడుగులకు తొమ్మిదంగుళాలు, సరిగ్గా 1:12.

మొదట గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు చూడండి. అట్టమీద బొమ్మ కుర్చీ తేలిగ్గా ఎక్కినంత మాత్రాన నిజమైన కుర్చీ తేలిగ్గా ఎక్కుతుందని చెప్పలేం. బరువు 1,728 రెట్లు మారుతుంది. కాని కోణం మారదు. అట్టమీద వాలు సరైనదైతే వాకిట్లోనూ సరైనదే. అట్టమీద మలుపు పడితే వాకిట్లోనూ పడుతుంది. నమూనా దేనికి సాక్ష్యం చెబుతుందో, దేనికి చెప్పదో తెలిసినప్పుడే దాన్ని నమ్మాలి.

మేస్త్రికి ఆ అట్ట చూపించాం. ఆయన వంగి, చాలాసేపు చూసి, "ఇలాగైతే నాకూ అర్థమైందండి" అన్నాడు. ఒక మందార చెట్టును మూలనుంచి తీసి గేటు పక్కన నాటాం. వాలుకు రెండు వైపులా కమ్మీలు, అంచున కుర్చీ పడకుండా చిన్న గట్టు పెట్టించాం. వాలు ముఖం నున్నగా కాకుండా గీతలు పెట్టించాం. సిమెంటు ఆరేదాకా ఆగాం. ఈసారి నేను తొందరపడలేదు.

జులైలో ఒక సాయంత్రం మా ఆవిడ మనవరాలు వెనక చెయ్యి వేసి నిలబడగా తానే చక్రాలు తిప్పుకుంటూ గేటుదాకా వచ్చింది. కూరగాయల బండివాణ్ణి ఆపి, వంకాయలు ముదురుగా ఉన్నాయని బేరం చేసింది. ఆ నాలుగు నెలలూ మేమంతా ఆవిడ కాళ్ళు బాగవ్వాలనే చూస్తూ కూర్చున్నాం. మెట్లు మార్చవచ్చని తోచలేదు. తప్పు ఎక్కడుందో అక్కడే దిద్దాలని నాకు బొమ్మరింటి దగ్గర చెప్పిన పిల్లే ఇక్కడా చెప్పింది.

మీరు చేయవలసిన పని

విద్యార్థులారా, కిట్ కొనడానికి డబ్బు లేకపోతే విచారించకండి. ఒక చెప్పుల అట్టపెట్టె చాలు. 1:24 కొలత తీసుకోండి. అంటే అడుగుకు అర అంగుళం. పదడుగులు, పన్నెండడుగుల గది అయిదంగుళాలు, ఆరంగుళాలు అవుతుంది. మీరు పడుకునే గదిని టేపుతో కొలిచి, తలుపు, కిటికీ, మంచం, బీరువా అన్నీ అదే కొలతలో అట్టతో చేయండి. జిగురు వేసే ముందు ఒకసారి నిలబెట్టి చూడండి. ఆ తర్వాత ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఒకటి: చక్రాల కుర్చీ సుఖంగా తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసం గల ఖాళీ కావాలి. మీ నమూనాలో అది ఎన్ని సెంటీమీటర్లు? అంత బిళ్ళ కత్తిరించి మీ గదిలో పెట్టి చూడండి. పడుతుందా?

రెండు: మీ బడి లేదా కాలేజీ ముఖద్వారానికి ఎన్ని మెట్లున్నాయి? మొత్తం ఎత్తు ఎంత? 1:12 వాలు కట్టడానికి ఎంత పొడవు కావాలి? అంత చోటు ఉందా, లేకపోతే ఎక్కడ మలుపు తిప్పాలి?

మూడు: మీ నమూనా చెప్పగల విషయాలేవి, చెప్పలేని విషయాలేవి?

రెండో ప్రశ్నకు జవాబు రాసి ఊరుకోకండి. అట్టతో చేసి మీ ప్రిన్సిపాలు గారి బల్లమీద పెట్టండి. అర్జీ కాగితాన్ని పక్కన పెట్టడం తేలిక. కళ్ళెదుట నిలబెట్టిన నమూనాను చూడకుండా ఉండడం కష్టం.

సెలవు.